ఆదివారం మాత్ర వెనక భీమవరం డాక్టరు

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ కీళ్లవాతంతో బాధపడేవాళ్లు ఉంటే వాళ్ల మందుల సంచి ఒకసారి తీసి చూడండి. చిన్న పసుపు మాత్రలు రెండు రకాలు కనిపించే అవకాశం ఎక్కువ. ఒకటి మెథోట్రెక్సేట్. వారానికి ఒకే ఒక్క రోజు వేసుకోవాల్సింది. రెండోది ఫోలిక్ యాసిడ్. అది వేరే రోజుల్లో వేసుకునేది. ఒకటి చేసే పనికి రెండోది అడ్డు. అయినా రెండూ పుట్టింది ఒకే ప్రయోగశాలలో, రెండు మూడేళ్ల తేడాతో. ఆ ప్రయోగశాలను నడిపించినాయన భీమవరంలో పుట్టిన మన తెలుగు డాక్టరు, యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన కథ ఇప్పుడు ఎందుకంటే, మిరప కోతలు మొదలయ్యాయి. గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఈ నెలల్లో ఆడవాళ్ల చేతివేళ్లకు క్షణం తీరిక ఉండదు. పత్తి తీత, ఆ వెంటనే మిరప కోత, కల్లంలో ఆరబోత, తాలుకాయ ఏరివేత, తొడిమలు తీయడం. వేళ్లు నొప్పి పుడితే పని వల్లే అనుకుంటారు. 2006లో చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను పడగొట్టిన సంగతి గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఏ కీలు నొప్పి వచ్చినా ఆ జ్వరం ఖాతాలోనే వేస్తారు. కనిగిరి వైపు వాళ్లయితే ఫ్లోరైడ్ నీళ్లను తిట్టుకుంటారు. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ అన్ని నొప్పులూ వీటివల్ల రావు.

పని వల్ల వచ్చే నొప్పి పని చేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. కీళ్లవాతం, అంటే మేం రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనేది, దీనికి తిరగబడి ఉంటుంది. రాత్రంతా పడుకుని పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. పిడికిలి పట్టదు. జడ అల్లుకోలేరు, చెంబు ఎత్తలేరు. ఆ బిగుతు వదలడానికి గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కాస్త పని చేశాకే నయమనిపిస్తుంది. రెండు చేతులకూ ఒకేలా, వేళ్ల మొదళ్లు, నడిమి కణుపులు, మణికట్లు వాచి ఆరు వారాలు దాటితే కూలి పనిని తిట్టుకోవడం ఆపి ఆసుపత్రికి రండి. మన దేశంలో వెయ్యిమంది పెద్దవాళ్లలో ఏడెనిమిది మందికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

కంచే చేను మేసినట్టు అంటామే, ఆటోఇమ్యూన్ జబ్బులంటే అవే. సూక్ష్మక్రిముల నుంచి కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ మన ఒంటి మీదే పడుతుంది. కీళ్ల పొర మీద పడితే కీళ్లవాతం. థైరాయిడ్ గ్రంథి మీద పడితే నీరసం, బరువు పెరగడం, నెలసరి తప్పడం. చర్మం మీద పొలుసులుగా లేస్తే సోరియాసిస్. పిల్లల్లో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడితే టైప్-1 షుగరు. ఒకేసారి చర్మం, కీళ్లు, కిడ్నీలు, రక్తం అన్నిటి మీదా పడేది లూపస్: ఎండలోకి వెళితే బుగ్గల మీద ఎర్రటి మచ్చ, నోట్లో పుండ్లు, జుట్టు రాలడం, కాళ్ల వాపు. చేలో పనిచేసే పాతికేళ్ల అమ్మాయికి ఎండ మచ్చలనుకుని వదిలేసేది చాలాసార్లు ఇదే.

వీటిలో కీళ్లవాతానికీ, ముదిరిన సోరియాసిస్‌కూ ప్రపంచమంతా మొదట చేతిలోకి తీసుకునే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాన్ని తయారుచేయించిన మనిషి ఈ జబ్బుల మీద పని చేయలేదు. ఆయన దృష్టంతా వేరే రోగాల మీద ఉండేది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. రాజమండ్రిలో చదువు అంత సవ్యంగా సాగలేదు. పదమూడేళ్ల వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి పోతే తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెప్పించారని చెబుతారు. మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి. ఈ సంగతి ఇంటర్ తప్పిన పిల్లలున్న ఇళ్లలో చదివి వినిపించవచ్చు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. ఆ రోజుల్లోనే రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్లి సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. డబ్బు సాయం చేసినవాళ్లలో కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ముఖ్యులు. ఆయన కుమార్తె శేషగిరి గారినే తర్వాత పెళ్లాడారు.

సహాయ నిరాకరణ రోజులవి. ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకు కోపం వచ్చింది. రాత పరీక్షలు బాగా రాసినా ఆయనకు దక్కింది ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పే పనిలో కుదిరారు.

ఆ వయసులో ఇంట్లో జరిగిన దెబ్బ ఒకటి ఆయన తర్వాతి జీవితమంతటినీ వెంటాడింది. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో సంగ్రహణితో చనిపోయారు. ట్రాపికల్ స్ప్రూ అంటారు ఇంగ్లిషు వైద్యంలో. విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటబట్టదు, నాలుక పూసి, రక్తం తగ్గి మనిషి ఎండిపోతాడు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. ఎందుకు వస్తుందో, ఏ మందు తగ్గిస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం, మామగారు కూడగట్టిన డబ్బు పట్టుకుని 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డులో ఉష్ణదేశపు రోగాల చదువు. ఆయన డిగ్రీకి అక్కడ డాక్టరుగా పనిచేసే వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేసి పొట్ట పోసుకున్నారు. ఇక్కడ భార్య గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. భార్యను కూడా మళ్లీ చూడలేదు. మూడేళ్లలో వస్తానన్న మనిషి ఇరవయ్యారేళ్లు అక్కడే ఉండిపోయి అక్కడే కన్నుమూశారు. ఆయన్ని మహానుభావుడిగా రాసేవాళ్లు ఈ మాట త్వరగా దాటేస్తారు. శేషగిరి గారి వైపు నుంచి చూస్తే ఇది దాటేయగల మాట కాదు.

హార్వర్డు బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాక ఆయన చేతికి పని దొరికింది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. మెడికల్ కాలేజీలో చేరిన మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ పుస్తకంలో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరు చూసి, ఈ సుబ్బారావు ఎవరా అని నేనూ ఆగిపోయాను. ఆ పద్ధతితోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వాళ్లు బయటపెట్టారు. జర్మనీలో లోమన్ కూడా అదే సమయంలో ఏటీపీని విడిగా కనుగొన్నాడు. మన ఒంట్లో ప్రతి కణం ఖర్చు పెట్టే శక్తికి చిల్లర నాణెం ఏటీపీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డులో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధన మొత్తం ఆయన చేతికి వచ్చింది. విశ్వవిద్యాలయం వదిలి కంపెనీకి పోవడం అప్పట్లో ఒక మెట్టు దిగడం. మన అదృష్టం కొద్దీ ఆ మెట్టు దిగారు.

పెర్ల్ రివర్‌లో ఆయన వెంటపడింది కాలేయంలో దాగిన ఒక పదార్థం. దాని కథ మొదలైంది మన దేశంలోనే. 1930ల మొదట్లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు బొంబాయిలో పేద గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనతను గమనించి, అది ఈస్టు సారంతో తగ్గుతుందని చూపించింది. అందులో ఉన్నదేమిటో తెలియదు. సుబ్బారావు గారి బృందం ఆ పదార్థాన్ని విడదీసి, నిర్మాణం తేల్చి, 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్. సంగ్రహణి రోగులకు ఇస్తే తేరుకున్నారు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికేసరికి పాతికేళ్లు పట్టింది. ఆశా కార్యకర్త మీ ఇంటి గర్భిణికి ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేదీ ఈ ఫోలిక్ యాసిడే. బోదకాలు రాకుండా కోస్తా జిల్లాల్లో ఊరందరి చేతా మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన హయాంలో, 1947లో లెడర్లీ నుంచి వచ్చిందే. కాబట్టి సుబ్బారావు గారి మందు ఏదో ఒకటి మీ కడుపులోకి ఇప్పటికే వెళ్లి ఉంటుంది.

కథ ఇక్కడ మలుపు తిరిగింది. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి డాక్టరు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా వేగం పుంజుకున్నట్టు అనిపించింది. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అది అందితే క్యాన్సర్ కణం పెరుగుతుంది. మరి అచ్చం దానిలాగే కనిపించి, దాని చోట కూర్చుని, పని మాత్రం చేయని నకిలీని పంపిస్తే? తాళంలో ఇరుక్కుపోయే మారు తాళంచెవి లాంటిది. సుబ్బారావు గారి రసాయన శాస్త్రజ్ఞులు అలాంటివి వరుసగా తయారుచేసి పంపారు. వాటిలో అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఈ ఫలితం అచ్చయింది. అదే కుటుంబంలో దాని తమ్ముడు అమెథోప్టెరిన్. తర్వాత స్థిరపడ్డ పేరు మెథోట్రెక్సేట్.

ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో సుబ్బారావు గారు పెర్ల్ రివర్‌లోని ఇంట్లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53.

ఆ మరుసటి నెలలోనే, సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి మొదటిసారి కార్టిజోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. ప్రపంచం ఊగిపోయింది. 1950లో దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1951లో గుబ్నర్ అనే డాక్టరు అమినోప్టెరిన్ ఇస్తే కీళ్లవాతం, సోరియాసిస్ రెండూ తగ్గుతున్నాయని రాస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. స్టెరాయిడ్ ఉండగా ఇదెందుకు అనుకున్నారు. చర్మ వైద్యులు మాత్రం మెథోట్రెక్సేట్‌ను వదల్లేదు. స్టెరాయిడ్ నిజ స్వరూపం బయటపడ్డాక కీళ్ల డాక్టర్లు మళ్లీ దీని వైపు చూశారు. 1985లో సరైన పరీక్షలు అచ్చయ్యాయి. 1988లో అమెరికాలో కీళ్లవాతానికి అనుమతి వచ్చింది. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు.

మన పల్లెల్లో ఆ 1950ల మోజు ఇంకా తీరలేదు. నొప్పి అని వెళితే ఒక ఇంజెక్షన్, పొట్లంలో తెల్లటి చిన్న మాత్రలు. పొద్దుటికల్లా పిడికిలి పడుతుంది, కోతకు పోవచ్చు. రోజు కూలి పోతే గడవని మనిషికి ఆ సుఖం ఎంత విలువైనదో నాకు తెలుసు. అందుకే తప్పు పట్టను. కానీ నెలల తరబడి అదే వాడితే మొహం ఉబ్బుతుంది, షుగరు, బీపీ వస్తాయి, వెన్నుపూసలు గుల్లవుతాయి. పైగా లోపల కీలు అరిగిపోతూనే ఉంటుంది. స్టెరాయిడ్‌ను మేమూ ఇస్తాం, కొద్ది మోతాదులో, కొద్ది వారాలు, అసలు మందు పట్టు దొరికేదాకా. మెథోట్రెక్సేట్ పనిచేయడం తెలియాలంటే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెల వాడి ఏమీ లేదని మానేసినవాళ్లు వంకరపోయిన వేళ్లతో రెండు మూడేళ్లకు తిరిగొస్తారు. అప్పుడు నొప్పి తగ్గించగలం, వంకర తీయలేం.

క్యాన్సర్ మందు అని ఎవరో చెప్పగానే కాలువలో పారేసినవాళ్లూ ఉన్నారు. క్యాన్సర్‌కు ఒక్కసారికే వందల, వేల మిల్లీగ్రాములు ఇవ్వాల్సి వస్తుంది. కీళ్లవాతానికి వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల లోపు. ఇంత చిన్న మోతాదులో అది కణాలను చంపి పనిచేయడం లేదు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ ప్రకారం, కణాల చుట్టూ అడెనోసిన్ అనే పదార్థం పెరిగి వాపును చల్లారుస్తుంది. అడెనోసిన్ చాలావరకు ఏటీపీ విరిగితే వచ్చేది. 1929లో ఆయన కండరాల్లోంచి బయటకు తీసిన ఏటీపీ, 1945 నాటి ఫోలిక్ యాసిడ్, దాని నకిలీ, మూడూ ఒక కూలి మనిషి మణికట్టులో కలుసుకున్నాయి. ఆయనకు ఇది తెలిసే అవకాశమే లేదు.

ఇక మీకు తప్పనిసరిగా చెప్పాల్సిన సంగతి. కొన్నేళ్ల కిందట యాభై ఏళ్ల ఒక మిరప కూలీకి ఈ రెండు పసుపు మాత్రలూ రాశాను. వారానికి ఒకసారి అని నోటితో చెప్పాను, చీటీ మీద ఇంగ్లిషులో రాశాను. ఆమెకు ఇంగ్లిషు రాదు. తెలుగూ చదవలేదు. రెండు మాత్రలూ ఒకే రంగు, పేర్లు రెండూ ఫోలి అనే మొదలు. రెండింటినీ తారుమారు చేసి తొమ్మిది రోజులు మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంది. నోరంతా పుండ్లు, జ్వరం, మింగలేని స్థితిలో తీసుకొచ్చారు. తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి. నకిలీ తాళంచెవి అడ్డును దాటి నేరుగా పనిచేసే ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు మందు ఉంది. దాంతో, యాంటీబయోటిక్స్‌తో, రెండు వారాలు వార్డులో ఉండి బతికింది. ఆమె తప్పేమీ లేదు. చీటీ రాసింది నేను.

ఇప్పుడు నేను చీటీ మీద రోజు పేరు తెలుగులో రాసి చుట్టూ గీత గీస్తాను. చదువు రానివాళ్లకు గుర్తుండే రోజు అడుగుతాను. చర్చికి వెళ్లేవాళ్లకు ఆదివారం, వారపు సంత ఉన్న ఊరివాళ్లకు సంత రోజు, శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లకు ఆ మర్నాడు. మెథోట్రెక్సేట్ అట్టను వేరే డబ్బాలో పెట్టమని, ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఇప్పించుకోమని చెబుతాను. ఒక వారం మర్చిపోతే రెండింతలు వేసుకోవద్దు. నోట్లో పుండ్లు, జ్వరం, ఒంటి మీద నల్లటి మచ్చలు, ఆగని పొడి దగ్గు, ఆయాసం కనిపిస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి రండి. అట్ట కూడా వెంట తెచ్చుకోండి.

ఈ మందు కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. పశ్చిమ ప్రకాశంలో కిడ్నీ జబ్బు ఎంతమంది ఇళ్లలో ఉందో మీకు తెలుసు. క్రియాటినిన్ చూడకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. మొదట్లో నెలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకోవచ్చు. సారా, బ్రాందీ అలవాటున్న మగవాళ్లు ఆ సంగతి డాక్టరుకు దాచొద్దు, కాలేయం దెబ్బతింటుంది. గర్భం దాల్చాలనుకునే అమ్మాయిలు ముందే చెప్పాలి. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, కొన్ని నెలల ముందే ఆపి వేరే మందులోకి మారుస్తాం. అప్పుడు ఆ ఇంట్లో మిగిలేది ఫోలిక్ యాసిడ్ ఒక్కటే.

తారుమారు చేసుకున్న ఆమె ఇప్పటికీ మా ఓపీకి వస్తుంది. మళ్లీ అదే మాత్ర వేసుకోవడానికి ఒప్పించేసరికి ఆరు నెలలు పట్టింది. గోడ కాలెండరులో ఆదివారాల మీద మనవరాలు పెన్నుతో టిక్కు పెడుతుంది. ఈ సారి కోతల్లో రోజూ పనికి పోతున్నానని పోయిన వారం చెప్పింది.